ఆవిష్కర్త పక్కన కూర్చుని ఒప్పందం చదివేవారేరీ?

సంపాదకులకు,

కొత్త పరికరాలు తయారుచేసిన సామాన్యుల గురించి మీ పత్రిక తరచుగా కథనాలు వేస్తోంది. అవి చదివినప్పుడల్లా సంతోషం వేస్తుంది, ఆ వెంటనే భయమూ వేస్తుంది. పరికరం లోపలి భాగాలు స్పష్టంగా కనిపించే ఫోటో, అది ఎలా పనిచేస్తుందో చెప్పే బొమ్మ, ఆఖరున ‘త్వరలో పేటెంటుకు దరఖాస్తు చేస్తాను’ అనే మాట. ఆ దరఖాస్తు కథనం అచ్చు కావడానికి ముందే వెళ్లి ఉండాలి. వివరాలు ఒకసారి నలుగురికీ తెలిశాక అది కొత్తది కాదంటూ పేటెంటు నిరాకరించే అవకాశం ఉంటుంది. కొన్ని దేశాలు దీనికి కొన్ని నెలల వెసులుబాటు ఇస్తాయి. ఐరోపాలో ఆ వెసులుబాటు దాదాపు లేనట్టే. పేటెంటు దారి మూసుకుపోయిన ఆలోచనకు రాయల్టీ, అంటే అమ్మకాల్లో వాటా, కట్టడానికి ఏ కంపెనీ అయినా వెనకాడుతుంది. అందుకే మీ విలేకరులు ‘దరఖాస్తు చేశారా?’ అని ముందుగా అడగాలని, చేయలేదంటే కథనాన్ని కొన్నాళ్లు ఆపాలని కోరుతున్నాను.

గృహోపకరణాలు తయారుచేసే ఒక కంపెనీలో, ఉత్పత్తుల రూపకల్పన విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేశాను. బయటివాళ్లు పంపే ప్రతిపాదనలు చదవడం నా ఉద్యోగంలో భాగం. ఇప్పుడు ఆవిష్కర్తల తరఫున కాగితాలు చూసిపెడుతున్నాను. రెండు వైపులా చూసినవాడిగా చెబుతున్నాను: మంచి ఆలోచనలకు కొరత లేదు. ఆలోచనకు, దాన్ని తయారుచేయగల కంపెనీకి మధ్య నిలబడి దారి చూపే మనుషులకే కొరత.

మాకు వచ్చే ప్రతిపాదనల్లో చాలావాటిలో ఆవిష్కర్త పడిన కష్టాలు పేజీల కొద్దీ ఉండేవి. మేము వెతికే నాలుగు విషయాలు మాత్రం కనిపించేవి కావు. ఏ ఇబ్బందిని తీరుస్తుంది, ఎవరు కొంటారు, తయారీకి ఎంత ఖర్చవుతుంది, మా దగ్గరున్న అచ్చులతోనే తయారు చేయవచ్చా. ఇవన్నీ ఒకే పేజీలో, ఒక ఫోటోతో చెప్పగలిగితే చాలు. ఇంకో సంగతి. గోప్యతా ఒప్పందం మీద సంతకం చేయనిదే నోరు విప్పనని చాలామంది పట్టుబడతారు. పెద్ద కంపెనీలు తరచుగా ఆ సంతకం చేయవు, ఎందుకంటే అలాంటి ఆలోచనే తమ ఇంజినీర్లకూ అప్పటికే వచ్చి ఉండవచ్చు. పైగా ‘రహస్యంగా ఉంచే బాధ్యత మాది కాదు’ అని రాసిన పత్రాన్నే వాళ్లు ఎదురు పంపుతారు. కాబట్టి దరఖాస్తు తేదీయే అసలు రక్షణ. మొదటి దరఖాస్తు నుంచి 12 నెలల్లోగా ఇతర సభ్య దేశాల్లో దరఖాస్తు చేసినా మొదటి తేదీనే లెక్కలోకి తీసుకోవాలని, పేటెంట్ల వంటి హక్కుల మీద దేశాలు కుదుర్చుకున్న పారిస్ ఒడంబడిక చెబుతోంది. కంపెనీల తలుపులు తట్టడానికి ఆ ఏడాదిని వాడుకోవాలి.

ఇటీవల ఒక మహిళ నాకు చూపించిన లైసెన్సు (తయారుచేసి అమ్ముకునే హక్కు) ఒప్పందపు ముసాయిదా గురించి చెప్పాలి. ఊతకర్రను గోడకు ఆనిస్తే జారి పడిపోతుంది. వంగి తీసుకోలేనివారికి అది నరకం. పిడికి తొడిగితే కర్ర ఎక్కడ ఆనించినా కదలకుండా పట్టి ఉంచే చిన్న రబ్బరు పట్టీని ఆమె తయారుచేశారు. ఒక కంపెనీకి నచ్చింది. నికర అమ్మకాల మీద నూటికి ఐదు రాయల్టీ అన్నారు. ఆమె సంతకానికి సిద్ధపడ్డారు.

‘నికర అమ్మకాలు’ అంటే ఏమిటో వెనక పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. పన్నులు, రవాణా, వాపసు వచ్చిన సరుకు తీసివేయడం న్యాయమే. వాటితో పాటు ప్రచార ఖర్చు, అమ్మకందారుల కమీషన్, ‘ఇతర సహేతుక వ్యయాలు’ కూడా కలిపేశారు. అమ్మకం నూరు అనుకుంటే, న్యాయమైన తీసివేతల తర్వాత తొంభై మిగిలిందనుకుందాం. మిగతావీ లాగేస్తే అరవైకి దిగుతుంది. కాగితం మీద ఐదు శాతం అలాగే ఉంటుంది, ఆమెకు వచ్చేది మాత్రం నాలుగున్నర నుంచి మూడుకు పడిపోతుంది. అంతకంటే ప్రమాదకరమైనది మరొకటి ఉంది. లైసెన్సు ఆ ఒక్క కంపెనీకే, అదీ పేటెంటు ఉన్నంతకాలం. ఏడాదికి కనీసం ఇంత చెల్లించాలన్న షరతు లేదు. ఫలానా గడువులోగా మార్కెట్లోకి తేవాలన్న మాటా లేదు. అంటే కంపెనీ ఆ పట్టీని బీరువాలో పెట్టి మరిచిపోయినా ఆమె ఇంకెవరికీ ఇవ్వలేరు. పేటెంటు ఆయుష్షు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు. పరిశీలనకు, అచ్చుల తయారీకి కొన్నేళ్లు పోగా మిగిలిన కాలం బీరువాలో గడిచిపోతే ఎవరికి లాభం?

తీసివేతల జాబితా కుదించమని, కనీస రాయల్టీ పెట్టమని, గడువు దాటితే హక్కులు తిరిగి ఆమెకే రావాలని, లెక్కల పుస్తకాలు తనిఖీ చేయించుకునే వీలు ఉండాలని అడిగాం. కొంత బేరం తర్వాత కంపెనీ ఒప్పుకుంది. వాళ్లను దుర్మార్గులు అనను. ముసాయిదా రాసింది వాళ్ల న్యాయవాది, ఆయన వాళ్లకు అనుకూలంగానే రాస్తాడు. ఆమె వైపు నుంచి చదివేవారు లేకపోవడమే అన్యాయం.

ఇలాంటి తోడు ఎంత అవసరమో చెప్పడానికి చెస్టర్ కార్ల్‌సన్ ఒక్కడు చాలు. 1938లో జెరాక్స్ పద్ధతిని కనిపెట్టిన ఆయన స్వయంగా పేటెంట్ల విభాగంలో ఉద్యోగి. అయినా కంపెనీలు ఒకదాని తర్వాత ఒకటి ఆయన్ను తిప్పి పంపాయి. 1944లో బాటెల్ అనే పరిశోధన సంస్థ రాబడిలో వాటాకు ఒప్పుకుని, పద్ధతిని మెరుగుపరిచే పని తలకెత్తుకుంది. ఆ తర్వాతే హాలాయిడ్ అనే చిన్న కంపెనీ లైసెన్సు తీసుకుంది. 1959లో ఆ కంపెనీ తెచ్చిన ‘914’ అనే జెరాక్స్ యంత్రం ఆఫీసుల రూపమే మార్చేసింది. కార్ల్‌సన్‌కు దొరికిన తోడు రాబర్ట్ కెర్న్స్ అనే అమెరికా ఇంజినీరుకు దొరకలేదు. ఆగి ఆగి తుడిచే కారు వైపర్ల పేటెంట్లు చేతిలో ఉండి కూడా, తన అనుమతి లేకుండా వాటిని వాడుకుందంటూ ఆయన ఫోర్డ్ కార్ల కంపెనీ మీద 1978లో దావా వేసి, 1990 వరకు పోరాడాల్సి వచ్చింది. చివరికి కోటికి పైగా డాలర్లు వచ్చాయి, కానీ జీవితంలో అన్నేళ్లు కోర్టుకు అర్పించాల్సి వచ్చింది.

ఈ లోటును సొమ్ము చేసుకునేవాళ్లూ ఉన్నారు. ‘మీ ఆలోచనను కంపెనీలకు అమ్మిపెడతాం’ అంటూ ముందే పెద్ద మొత్తం గుంజి, ‘మార్కెట్ నివేదిక’ అని ఒక పుస్తకం చేతిలో పెడతారు. సంబంధమే లేని రెండు పరికరాలకు ఒకే సంస్థ ఇచ్చిన నివేదికలను పక్కపక్కన పెట్టి చూశాను. పరికరం పేరు తప్ప పేరాలకు పేరాలు అవే. వచ్చిన ప్రతి ఆలోచననూ మెచ్చుకునేవాడు దాన్ని పరీక్షించలేదనే అర్థం. అమెరికా 1999లో ఒక చట్టం చేసింది. దాని ప్రకారం ఇలాంటి సంస్థలు ఒప్పందానికి ముందే, గత ఐదేళ్లలో ఎన్ని ఆవిష్కరణలను పరిశీలించాయో, ఎందరికి లైసెన్సు ఒప్పందాలు కుదిరాయో, ఎందరికి కట్టినదానికంటే ఎక్కువ డబ్బు వచ్చిందో రాతపూర్వకంగా చెప్పాలి. చట్టం ఉన్నా లేకున్నా, డబ్బు కట్టబోయే ప్రతివారూ ఈ లెక్కలు అడగాలి. నిజాయితీ గల మధ్యవర్తి ఎక్కువగా రాయల్టీలో వాటా తీసుకుంటాడు. ఆవిష్కర్తకు డబ్బు వస్తేనే అతనికీ వస్తుంది.

ఇంజినీరింగ్ కళాశాలలు, పరిశ్రమల సంఘాలు నమూనాల పోటీలు పెడుతున్నాయి, బహుమతులు ఇస్తున్నాయి. ఆ ఖర్చులో కొంత ఒప్పందాలు చదివిపెట్టే పనికి మళ్లించమని వాటిని కోరుతున్నాను. ఒక పేటెంటు ఏజెంటు (దరఖాస్తులు రాసిపెట్టే నిపుణుడు), లెక్కలు తెలిసిన ఒకరు, తయారీ రంగంలో పనిచేసిన ఒకరు వారంలో ఒక పూట కూర్చుంటే చాలు. రుసుము పెట్టకూడదు, ఆలోచన మీద హక్కు అడగకూడదు. నాలాంటి విశ్రాంత ఇంజినీర్లు ఎందరో ఖాళీగా ఉన్నారు, పిలిస్తే వస్తారు. లైసెన్సు ముసాయిదా చేతిలో ఉండి సంతకం పెట్టాలో వద్దో తేలక సతమతమవుతున్నవారు మీ కార్యాలయానికి రాస్తే, ఆ ఉత్తరాలు నాకు చేర్చండి. చదివి జవాబు రాస్తాను.

ఇట్లు,
విశ్రాంత ఉత్పత్తి రూపకల్పన ఇంజినీరు