ఈ నెల వినేది: ‘సర్సీ’
అందరికీ నమస్తే. పురాణకథల్లో ఏది వినాలని అడిగారుగా, నా ఓటు మేడలిన్ మిల్లర్ నవల ‘సర్సీ’ ఆడియోబుక్‌కి. 2018లో వచ్చింది, చదివింది పెర్డిటా వీక్స్. 12 గంటల పైమాటే. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, బట్టలు మడతపెడుతూ వారంలో పూర్తిచేశా.

సర్సీ గ్రీకుల సూర్యుడు హీలియోస్ కూతురు. దేవతల మధ్య పుట్టినా గొంతు మాత్రం మామూలు మనిషిది. ఇంట్లోవాళ్లకి అదే వెక్కిరింత. అందుకే ఈ కథ చదవడం కన్నా వింటేనే బాగుందనిపించింది. నావికుల్ని పందులుగా మార్చే చోట మాత్రం పిల్లలు పక్కన లేకుండా చూసుకోండి.

టీనేజీ ఫాంటసీ ప్రేమకథలూ వింటాను, దాపరికం ఎందుకు! అలకల దగ్గర స్పీడు 1.5కి పెంచేస్తానంతే.

శనివారం రాత్రి కాల్‌లో కలుద్దాం. ముగింపు ముందే చెప్పేయకండి బాబూ!