ఏ నీళ్లు, ఏ కరెంటు?

సంపాదకులకు,

ఉత్తర తెలంగాణకు గ్రీన్ హైడ్రోజన్ (ఎండ, గాలి కరెంటుతో నీళ్లలోంచి తీసే హైడ్రోజన్) పరిశ్రమలు రావాలంటూ పోయిన వారం మీరు వేసిన వ్యాసం చదివాను. ఎందుకొచ్చిన గొడవలే అని ఊరుకున్నాను గానీ, 'కిలో హైడ్రోజన్‌కు తొమ్మిది లీటర్ల నీళ్లు చాలు' అన్న మాట మింగుడు పడటం లేదు. నేను సర్వీసంతా థర్మల్ కేంద్రంలో, నీళ్లలోని లవణాలు తీసేసే డీఎం ప్లాంటు దగ్గర గడిపినవాణ్ణి. జనరేటర్లను చల్లబరిచే హైడ్రోజన్‌ను అక్కడ నీళ్లలోంచే తీసేవాళ్లం.

తొమ్మిది లీటర్లు ఇంటర్ కెమిస్ట్రీ పుస్తకం లెక్క. గోదావరి నీళ్లు ఉన్నవి ఉన్నట్టు పోస్తే ఎలక్ట్రోలైజర్, అంటే కరెంటుతో నీళ్లను విడగొట్టే యంత్రం, నాలుగు రోజులు కూడా నడవదు. వానాకాలంలో వచ్చే ఎర్రనీళ్లకు పటిక వేసి బురద దింపాలి, ఇసుక ఫిల్టర్లలో వడగట్టాలి, తర్వాత ఆర్వో, ఆ తర్వాత మిగిలిన లవణాలను పట్టేసే రెజిన్లు. రెజిన్లు పని చేయడం మానేస్తే యాసిడ్‌తో, కాస్టిక్‌తో కడగాలి. ఆ కడిగిన నీళ్లు ఎటు పోవాలి? మీ వీధిలో ఇరవై లీటర్ల డబ్బాలు నింపే వాటర్ ప్లాంటు వెనక్కి వెళ్లి చూడండి, మోరీలోకి పైపు ఎలా పారుతుంటుందో. కూలింగ్ టవర్‌లో ఆవిరయ్యేది వేరే. అన్నీ కలిపితే కిలోకు 20 నుంచి 30 లీటర్లు.

అయినా ఆ నీళ్లకు జడిసి రాయడం లేదు. ఏడాదికి లక్ష టన్నులు తీసినా, కిలోకు 25 లీటర్ల చొప్పున టీఎంసీలో పదో వంతు దాటదు. వరి ముందు అదెంత! అసలు తిరకాసు కరెంటు దగ్గరుంది. కిలోకు 50 నుంచి 55 యూనిట్లు కాలుతుంది. పొద్దు గూకాక ప్లాంటు ఆపుతారా, గ్రిడ్ నుంచి లాగుతారా? పాత థర్మల్ కేంద్రాలు యూనిట్‌కు మూడున్నర లీటర్ల నీళ్లు మించి వాడొద్దని 2015లో కేంద్రం చెప్పింది. ఆ హద్దులోనే ఉన్నారనుకున్నా, బొగ్గు కరెంటుతో తీసిన ప్రతి కిలో వెనక మరో 175 నుంచి 190 లీటర్లు ఖర్చవుతాయి. లక్ష టన్నులకు టీఎంసీలో మూడింట రెండు వంతులన్నమాట! జైపూర్, చెల్పూరు థర్మల్ కేంద్రాల చిమ్నీల కరెంటుతో తీసి దానికి 'గ్రీన్' అని పేరు పెడితే నమ్మేదెవరు?

పైగా పొలానికి కాకతీయ కాలువ నీళ్లు వంతులవారీగా వస్తాయి, చివరి మడికి రాకపోయినా రైతు ఏడ్చుకుంటూ సర్దుకుంటాడు. ప్లాంటుకు అట్లా కుదరదు, మే నెలలోనూ రోజూ కావాలి. అప్పుడు ఎవరి వాటా కోస్తారు? అడిగితే 'మిగులు జలాలు' అంటారు. 2023 అక్టోబరులో కాళేశ్వరం ప్రాజెక్టులోని మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగినప్పటి నుంచి ఆ మిగులు ఎక్కడుందో చూపించిన మొనగాడు లేడు.

జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌కు 19,744 కోట్లు ప్రకటించారు, సంతోషం. మా కాలనీ మలుపులో మాత్రం మంచినీళ్ల మెయిన్ పైపు ఎండాకాలం నుంచి కారుతోంది. అక్కడ తుంగ మొలిచింది, బర్రెలు దిగి పడుకుంటున్నాయి. మా నల్లాలో ధార సన్నగా దారంలా వస్తుంది. ఫిర్యాదు చేస్తే 'ఎస్టిమేటు పంపాం' అంటారు, ఎవరికి పంపారో ఆ భగవంతుడికే తెలియాలి. కాకతీయుల చెరువుల గురించి వేదికలెక్కి గంటలు గంటలు మాట్లాడే పెద్దసార్లు ఆ చెరువుల శిఖం భూముల్లో ప్లాట్లు చేస్తుంటే మాత్రం నోరు మెదపరు.

నేను హైడ్రోజన్‌కు వ్యతిరేకిని కాను. రామగుండంలో యూరియా కోసం సహజవాయువు నుంచి దాన్ని తీస్తూనే ఉన్నారు, ఆ గ్యాసు తగ్గితే మంచిదే. కానీ 50 కిలోమీటర్లలోపు మురుగుశుద్ధి కేంద్రం ఉంటే థర్మల్ కేంద్రాలు ఆ శుద్ధి చేసిన నీళ్లే వాడాలని కేంద్రం 2016 కరెంటు టారిఫ్ పాలసీలో ఉంది. హైడ్రోజన్‌కూ ఆ షరతు పెట్టొచ్చు కదా? ముందు మన ఊళ్ల మురుగు శుద్ధి కావాలనుకోండి, అది వేరే ఉత్తరం.

ఈసారి ఇలాంటి వ్యాసం వస్తే, ఏ కాలువ నీళ్లు, ఏ కరెంటు, ఆర్వో వదిలే ఉప్పునీళ్లు ఏ వాగులోకి అని అడిగి, జవాబు వచ్చాకే అచ్చేయండి.

భవదీయుడు,
ఒక రిటైర్డ్ కెమిస్టు,
హనుమకొండ