నేను ద్రాస్‌లో ఉండగా మా ద్రాక్షతోట చేతులు మారింది: రెవెన్యూ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రెవెన్యూ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను భారత సైన్యం శతఘ్ని దళంలో పనిచేసి 2012లో హవల్దార్‌గా పదవీ విరమణ చేశాను. 1999 కార్గిల్ యుద్ధంలో ద్రాస్ దగ్గర బోఫోర్స్ ఫిరంగి మీద ఉన్నాను. సరిగ్గా ఆ రోజుల్లోనే హైదరాబాద్‌కు ఉత్తరాన ఉన్న మా ఊళ్లో, మా నాలుగెకరాల ద్రాక్షతోట మీద రెవెన్యూ కోర్టులో విచారణ నడిచింది. పిలిచినా రాలేదని రాసుకుని నాకు వ్యతిరేకంగా ఏకపక్ష ఉత్తర్వు ఇచ్చారు. ఆ ఉత్తర్వు ఆధారంగానే ఇవాళ మా తోట వేరేవారి పేరున ఉంది. ఇలాంటి ఉత్తర్వులను తిరగదోడడానికి ఈ దేశంలో నూరేళ్లుగా ఒక చట్టం ఉంది. దాన్ని మీ శాఖ చేత అమలు చేయించమని అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను.

ముందు ఆ భూమి మాకు ఎలా వచ్చిందో చెప్పాలి. మా తాత రక్షిత కౌలుదారు, అంటే భూమి నుంచి తొలగించకుండా చట్టం కాపాడిన కౌలు రైతు. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టంలోని 38-ఇ సెక్షన్ కింద 1975లో ఆయనకు యాజమాన్య సర్టిఫికెట్ ఇచ్చారు. తరతరాలుగా పరుల భూమిలో నాగలి పట్టిన కుటుంబానికి అది ఎంతటి కాగితమో మీకు వేరే చెప్పనక్కరలేదు. భూస్వామి మీదనైనా, ఆ భూమిలో తనకు హక్కుందనే మరెవరి మీదనైనా ఆ సర్టిఫికెట్టే తిరుగులేని సాక్ష్యమని అదే సెక్షన్ చెబుతోంది. తాత దాన్ని రేకు పెట్టెలో, పట్టుబట్టలో చుట్టి దాచాడు. ఇప్పటికీ అసలు ప్రతి నా దగ్గర ఉంది. అయితే ఆ సర్టిఫికెట్ ప్రకారం రికార్డులో పేరు మార్చాల్సినవారు పూర్తిగా మార్చలేదు. సాగు చేసేవారి పేరు రాసే కాస్తు కాలమ్‌లో మా పేరు ఎక్కింది, యజమాని పేరు రాసే పట్టాదారు కాలమ్‌లో మాత్రం పాత భూస్వామి పేరు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది. ఇది మా ఒక్కరి కథ కాదు. హైదరాబాద్ చుట్టుపక్కల 38-ఇ భూముల్లో ఇలా సగంలో ఆగిన రికార్డులు ఎన్నో ఉన్నాయని మీ శాఖలో పనిచేసిన ఎవరినడిగినా చెబుతారు.

తాత జొన్న వేశాడు. ద్రాక్ష పెట్టింది మా నాన్న. ఆ రోజుల్లో మేడ్చల్, శామీర్‌పేట, కీసర వైపు ఎటు చూసినా ద్రాక్ష పందిళ్లే కనిపించేవి. పందొమ్మిదో శతాబ్దం చివర అబ్దుల్ బాఖర్ ఖాన్ హైదరాబాద్‌కు తెచ్చిన అనాబ్ షాహీ రకం ఈ నేలకు అలవాటు పడి, ఈ నగరానికే పేరు తెచ్చింది. నాన్న రాతి కడీలు పాతించి, తీగలు లాగి, పందిరి వేయించాడు. ఏప్రిల్‌లో ఒక కత్తిరింపు, అక్టోబరులో ఒక కత్తిరింపు. మాఘం దాటాక గెలలు కోసి గంపల్లో గడ్డి పరిచి సర్దేవాళ్లం. సరుకు మొదట్లో మొజంజాహి మార్కెట్‌కు, తర్వాత గడ్డిఅన్నారానికి వెళ్లేది. బూజు తెగులు రాకుండా బోర్డో మిశ్రమం కలిపే పని నాన్న ఎవరికీ ఇచ్చేవాడు కాదు. మైలుతుత్తం ఒక తొట్టిలో, సున్నం మరో తొట్టిలో కరిగించి, రెండూ కలిపాక అందులో ఇనుప కత్తి ముంచి తీసేవాడు. కత్తి మీద ఎర్రటి మరక పడితే సున్నం చాలలేదన్నమాట. ఆ మరక పోయేదాకా ఇంకాస్త సున్నం, ఇంకాస్త సున్నం. నేను సైన్యంలో చేరే ముందు ఆ పని నాకు నేర్పాడు. ఆయన పెట్టిన అనాబ్ షాహీ తీగల్లో కొన్నింటి మొదళ్లు నేను పదవీ విరమణ చేసి వచ్చేనాటికి నా తొడంత లావుగా ఉన్నాయి.

1999 మొదట్లో నాన్న చనిపోయాడు. సెలవు మీద వచ్చి కర్మకాండలు జరిపించి, ఫౌతి మార్పు (చనిపోయినవారి భూమిని వారసుల పేరున రాయడం) కోసం అమ్మ పేరున, నా పేరున దరఖాస్తు పెట్టి తిరిగి వెళ్లాను. మే నెలకల్లా యుద్ధం మొదలైంది. జూన్ 13న తోలోలింగ్, జూలై 4న టైగర్ హిల్ మనవాళ్ల చేతికి వచ్చాయి. ఆ శిఖరాల మీదికి ఎక్కే పదాతి దళాలకు దారి చేసేందుకు మేం రాత్రింబవళ్లు గుళ్లు వేస్తూనే ఉన్నాం. ఊళ్లో పాత భూస్వామి వారసులు ఆ సమయంలోనే, మా తాత కౌలు హక్కు ఎప్పుడో వదులుకున్నాడంటూ 1971 నాటి పాసుపుస్తకాల చట్టం కింద రికార్డు సవరణకు దరఖాస్తు చేశారు. ప్రతివాదులం మేమే. ఆ ఏడాది ఆగస్టులో ఉత్తర్వు వచ్చింది.

ఆ సంగతి ఎన్నో ఏళ్లపాటు మాకు తెలియదు. ఎందుకంటే ఆ తర్వాత కూడా తోట మా చేతిలోనే ఉంది, ఏటా రాసే సాగు రికార్డు పహాణీలో కాస్తు మా పేరునే వస్తోంది, అమ్మ కూలీలను పెట్టుకుని పంట తీస్తూనే ఉంది. 2017లో భూ రికార్డుల ప్రక్షాళన జరిగి, ఊరందరికీ కొత్త పాసుపుస్తకాలు వచ్చి మాకు రాకపోయేసరికి సమాచార హక్కు చట్టం కింద ఆ ఫైలు నకళ్లు తీసుకున్నాను.

అందులో ఒక కాగితం గురించి మీకు ప్రత్యేకంగా చెప్పాలి. మాకు పంపిన నోటీసు అది. ఇంటికి తాళం ఉందని గోడకు అంటించి వచ్చారు. అమ్మ ఆ వేళప్పుడు తోటలో ఉంటుందని ఊళ్లో పసిపిల్లవాడిని అడిగినా చెప్పేవాడు. ఆ నోటీసు వెనకవైపు, అది పట్టుకొచ్చిన ఉద్యోగి తన చేతిరాతతో రెండు వరుసలు రాశాడు. కొడుకు మిలిటరీలో ఉన్నాడని ఇరుగుపొరుగువారు చెప్పారట. కింద తేదీ, సంతకం ఉన్నాయి. అంటే నేను సైన్యంలో ఉన్నానని ఆ కార్యాలయానికి తెలుసు. ఫైల్లోనే ఉంది. ఉత్తర్వు రాసిన అధికారి ఆ కాగితాన్ని తిప్పి చూసి ఉంటే కథ వేరేగా ఉండేది. సైనికుడి చిరునామా దొరకడం కష్టం కాదు. యూనిట్ పేరు, దాని కింద కేరాఫ్ 56 ఏపీఓ (సైనిక తపాలా కార్యాలయం) అని రాస్తే చాలు, పోస్టుకార్డయినా బంకరు దాకా వస్తుంది. అమ్మ రాయించిన ఉత్తరాలు ఆ యుద్ధంలో కూడా నాకు అందాయి.

మంత్రి గారూ, 1925లో ఇండియన్ సోల్జర్స్ లిటిగేషన్ చట్టం చేశారు. బ్రిటిష్ వారి కాలం నాటిదే అయినా ఇవాళ్టికీ అమల్లో ఉంది. సివిల్ కోర్టుతోపాటు రెవెన్యూ కోర్టుకూ వర్తిస్తుంది. అవతలి పక్షం యుద్ధ విధుల్లో, ప్రత్యేక పరిస్థితుల్లో పనిచేస్తున్న సైనికుడని తెలిసి దరఖాస్తు చేసేవారు ఆ సంగతి దరఖాస్తులోనే చెప్పాలి. సైనికుడు హాజరు కాలేని స్థితిలో ఉన్నాడని కలెక్టర్‌కు అనిపిస్తే కోర్టుకు ధ్రువపత్రం పంపవచ్చు. అప్పుడు కోర్టు విచారణ నిలిపి, నిర్దేశించిన అధికారికి నోటీసు ఇవ్వాలి. ఇవేవీ జరగకుండా ఉత్తర్వు వెలువడితే, న్యాయం దృష్ట్యా దాన్ని రద్దు చేయమని అడిగే హక్కు ఆ సైనికుడికి ఉంది. అతడు ఆ విధుల్లో ఉన్న కాలాన్ని గడువు లెక్కలోంచి మినహాయించాలని కూడా ఆ చట్టమే చెబుతోంది. శత్రువుకు ఎదురుగా నిలబడ్డ మనిషి ఇంటి వెనక జరిగే వ్యవహారాన్ని చూసుకోలేడన్న ఇంగితం నూరేళ్ల కిందటే చట్టంగా మారింది. నేను కలిసిన ఏ రెవెన్యూ అధికారికీ ఈ చట్టం పేరు తెలియదు. ఆ మాట బాధతో చెబుతున్నాను. వాళ్లకు శిక్షణలో ఎవరూ చెప్పి ఉండరు.

2012లో ఇంటికి వచ్చాక నా చేతికొచ్చిన డబ్బంతా ఆ తోటలోనే పెట్టాను. ఎండిపోయిన బోరు పక్కన కొత్త బోరు వేయించి, డ్రిప్ పెట్టి, ఎండు తీగలు తీసేసిన చోట డాగ్‌రిడ్జ్ రకం వేరుమొక్కలు నాటి వాటి మీద థాంసన్ ద్రాక్ష అంటు కట్టించాను. చుట్టూ తోటలన్నీ లేఅవుట్లవుతున్నా, ఔటర్ రింగ్ రోడ్డు వచ్చి ఎకరం ధర ఎక్కడికో వెళ్లినా అమ్మాలని అనుకోలేదు. 2020 అక్టోబరు 29న ధరణి అనే ఆన్‌లైన్ భూ రికార్డుల పోర్టల్ వచ్చింది. ఆ ఏడాది చేసిన కొత్త చట్టంతో రెవెన్యూ కోర్టులు రద్దయ్యాయి. భూమి ఎవరి స్వాధీనంలో ఉందో రాసే అనుభవదారు కాలమ్ పోయింది. భూమి మీద మేం ఉన్నామనడానికి ప్రభుత్వ రికార్డులో ఉన్న ఆఖరి ఆనవాలు దాంతో చెరిగిపోయింది. ఆ మరుసటి ఏడాదే పాత భూస్వామి వారసులు రిజిస్ట్రేషన్‌కు స్లాట్ బుక్ చేసుకుని తోటను అమ్మేశారు. కొన్నవారు జేసీబీతో వచ్చి పందిరి కూల్చి, కడీలు పీకి ఒక మూల కుప్ప పోయించారు. నాన్న పెట్టిన తీగలు వేళ్లతో సహా లేచి వచ్చాయి. అమ్మ గట్టు మీద కూర్చుని అంతా చూసింది. పోలీసులు వచ్చి ఇది సివిల్ తగాదా అన్నారు. రిజిస్ట్రేషన్ చూసి కొన్నవారి మీద నాకు కోపం లేదు, వాళ్లు కూడా మోసపోయి ఉండవచ్చు. వారి నష్టం అమ్మినవారు భరించాలి. దానికి మా భూమి మూల్యం కాకూడదు.

ఒక అధికారి నాకు మంచి చేయాలనే ఉద్దేశంతోనే ఒక సలహా ఇచ్చారు. మాజీ సైనికుల కోటాలో ప్రభుత్వ భూమి కోసం దరఖాస్తు పెట్టుకోండి, ఇది వదిలేయండి అన్నారు. ఆయన మంచితనాన్ని తప్పుపట్టను. కానీ ఆ భూమి ఇల్లూ వాకిలీ లేని మాజీ సైనికుడికి దక్కాలి. నాకు పింఛను వస్తోంది, తిండికి లోటు లేదు. ప్రభుత్వం నాకు ఏదో ఇవ్వాలని ఎన్నడూ అడగలేదు. 1975లో ఇదే ప్రభుత్వం మా తాత చేతిలో పెట్టిన కాగితానికి విలువ ఇమ్మని అడుగుతున్నాను.

2025 ఏప్రిల్ 14న మీ ప్రభుత్వం ధరణి స్థానంలో భూభారతి చట్టాన్ని అమల్లోకి తెచ్చింది. ధరణిలో తలుపు తట్టేందుకు కూడా చోటు లేకపోయింది, భూభారతిలో అప్పీలుకు అవకాశం ఇచ్చారు. ఊళ్లలో రెవెన్యూ సదస్సులు పెట్టి దరఖాస్తులు తీసుకున్నారు. నేనూ ఇచ్చాను. దాని మీద వచ్చిన జవాబు ఒక్క వాక్యం, 1999 ఉత్తర్వు అమల్లో ఉన్నందున సవరణ కుదరదని. ఎక్కడ మొదలైందో మళ్లీ అక్కడికే తెచ్చి నిలబెట్టారు.

అందుకే మీరు నేరుగా కలెక్టర్లకు ఆదేశాలు ఇవ్వాలి. ఏకపక్ష ఉత్తర్వు వల్ల భూమి పోయిందని ఎవరైనా సైనికుడుగానీ మాజీ సైనికుడుగానీ దరఖాస్తు పెడితే, ఆ ఉత్తర్వు తేదీని అతని డిశ్చార్జి బుక్కుతో సరిచూడాలి. ఆ తేదీల్లో అతడు యుద్ధ విధుల్లో, ప్రత్యేక పరిస్థితుల్లో ఉన్నట్టు తేలితే 1925 చట్టం ప్రకారం ఫైలు తిరిగి తెరవాలి, తేలేదాకా ఆ సర్వే నంబరులో క్రయవిక్రయాలు ఆపాలి. ఇకమీదట ఏ భూ వివాదంలోనైనా ప్రతివాది సైన్యంలో ఉన్నాడని కాగితం మీద కనిపిస్తే, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా యూనిట్‌కు నోటీసు పంపకుండా విచారణ మొదలుపెట్టకూడదు. దీనికి కొత్త చట్టం అక్కరలేదు, ఒక సర్క్యులర్ సరిపోతుంది.

38-ఇ సర్టిఫికెట్ల రిజిస్టర్లను భూభారతి రికార్డుతో ఊరూరా పోల్చి చూడమని కూడా అడుగుతున్నాను. మా పక్క పొలాలవాళ్లలో సైన్యం మొహం చూడని దళిత కుటుంబాలున్నాయి, లంబాడా కుటుంబాలున్నాయి. వాళ్ల తాతలకూ నా తాతకిచ్చిన సర్టిఫికెట్టే ఇచ్చారు. నాకు కనీసం యూనిఫాం చూసి కుర్చీ వేస్తారు. వాళ్లను గుమ్మం దగ్గరే నిలబెడతారు. సర్టిఫికెట్ ఉన్న భూమి ఇతరుల ఆక్రమణలో ఉంటే, నోటీసు ఇచ్చి ఖాళీ చేయించి హక్కుదారుకు అప్పగించే అధికారం ఆ సెక్షనే తహసీల్దారుకు ఇచ్చింది. ఆ అధికారాన్ని ఉపయోగించమని మీరు చెప్పాలి.

ఇప్పుడు ఆ నాలుగెకరాల్లో ప్లాట్ల రాళ్లు పాతారు, ఇళ్లు మాత్రం ఇంకా లేవలేదు. బోరు ఉంది. కడీల కుప్ప ఉంది. అమ్మకు ఎనభై దాటాయి. భూమి చేతికి వస్తే ఏం వేస్తావని అడిగితే ద్రాక్షే వేస్తానని చెప్పాను. ద్రాక్షకు ఇప్పుడు లాభం లేదని, కూలీలు దొరకరని, నీళ్లు చాలవని అందరూ అంటున్నారు. అవన్నీ నాకు తెలుసు. నా భూమిలో నష్టపోయే హక్కు కూడా నాదే కదా.

38-ఇ సర్టిఫికెట్ నకలు, డిశ్చార్జి బుక్కు, నోటీసు రెండు వైపుల నకళ్లు, 1999 నాటి ఉత్తర్వు ఈ లేఖ ప్రతితో పాటు మీ పేషీకి పంపాను. దయచేసి అసలు ఫైలు తెప్పించుకుని చూడండి. విచారణకు ఎప్పుడు పిలిచినా వస్తాను.

ఇట్లు,
ఒక మాజీ హవల్దార్,
శతఘ్ని దళం, భారత సైన్యం