కాల్షియం మాత్రల డబ్బా మీద 1250 అని ఉన్నంత మాత్రాన ఒంటికి 1250 అందదు

ఎడిటర్ గారూ నమస్కారం,

మీ ఆరోగ్యం పేజీలో ఎముకలు గుల్లబారడం గురించి వేసిన వ్యాసం చదివాను. జబ్బు ఎందుకొస్తుంది, ఎముక ఎంత చిక్కగా ఉందో చూసే డెక్సా స్కాన్‌లో టీ స్కోర్ (పడుచు వయసు ఎముకతో పోల్చి ఇచ్చే అంకె) మైనస్ 2.5 గానీ ఇంకా కిందకి గానీ ఉంటే ఆస్టియోపోరోసిస్ అంటారు, ఇవన్నీ బాగా వివరంగా రాశారు. కానీ తిండి, మాత్రల దగ్గరికి వచ్చేసరికి కాల్షియం, విటమిన్ డి తీసుకోవాలి అని ఒక్క లైన్లో తేల్చేశారండి. ఆ ఒక్క లైను నమ్ముకునే మా ఇంట్లో నాలుగేళ్లు పోయాయి, అందుకే రాస్తున్నా.

మా అమ్మకి 69 ఏళ్లు. బాత్రూంలో కాలుజారి చెయ్యి ఆనించింది, అంతే, మణికట్టు విరిగింది. స్కాన్ తీస్తే మైనస్ 2.9. మాకు ఏమీ అర్థం కాలేదు, ఎందుకంటే అప్పటికే నాలుగేళ్ల నుంచి కాల్షియం మాత్ర ఒక్కరోజు కూడా మానలేదు. ఎలా వేసుకునేదంటే, పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ మాత్ర, గ్యాస్ మాత్ర, కాల్షియం మాత్ర మూడూ అరచేతిలో పోసుకుని ఒకే గుక్కలో మింగేసేది, ఒక పనైపోతుంది, మర్చిపోను అని. మేం చూస్తూనే ఉన్నాం, ఎంత శ్రద్ధగా వేసుకుంటోందో అని మురిసిపోయాం కూడా.

చెయ్యి విరిగాక చూపించిన కొత్త డాక్టరు గారు ముందు అడిగింది, ఏ మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నారమ్మా అని. అంతకుముందు ఎవరూ అడగలేదు. అమ్మ వేసుకునేది కాల్షియం కార్బొనేట్, అది కరగాలంటే కడుపులో యాసిడ్ ఉండాలి, అందుకే తిన్న వెంటనే వేసుకోవాలట. అమ్మేమో పరగడుపున, అదీ యాసిడ్ తగ్గించే మాత్రతో కలిపి! పైగా కాల్షియం థైరాయిడ్ మందుని పట్టేసుకుని ఒంటికి పట్టనివ్వదు, రెండింటికీ మధ్య కనీసం 4 గంటలు గ్యాప్ ఉండాలి. ఇన్నేళ్లూ థైరాయిడ్ రిపోర్టు సరిగ్గా రాక డోసు పెంచుకుంటూ పోయారు, ఆ డోసు అవసరానికి మించితే అది కూడా ఎముకని పలచన చేస్తుందని అప్పుడు తెలిసింది. చెయ్యి విరగడానికి ఇదే కారణం అని నేననను, కానీ తలుచుకుంటే కడుపు తరుక్కుపోతోంది. ఇప్పుడు కాల్షియం సిట్రేట్‌కి మార్చారు, దానికి యాసిడ్‌తో పెద్దగా పనిలేదు, గ్యాస్ మాత్రలు వాడేవాళ్లకి అదే మంచిదన్నారు.

ఇంకో పొరపాటు ఆ డబ్బా మీద అంకె. 1250 మిల్లీగ్రాములు అని చూసి రోజుకి కావల్సింది మొత్తం వచ్చేస్తోంది అనుకున్నాం. అది కార్బొనేట్‌తో కలిపిన బరువు, అందులో అసలు కాల్షియం 40 శాతమే, అంటే 500 మిల్లీగ్రాములు. సిట్రేట్‌లో ఇంకా తక్కువ, 21 శాతం. 50 దాటిన ఆడవాళ్లకి రోజుకి 1200 కావాలంటారు, అది తిండీ మాత్రా కలిపి. అలాగని ఒకేసారి రెండు మూడు మింగకూడదు, ఒక విడతకి 500 దాటితే ఒంటికి పట్టేది తగ్గిపోతుంది. మరీ ఎక్కువైనా ప్రమాదమే, అమెరికాలో 36 వేలమంది ఆడవాళ్లకి రోజూ 1000 మిల్లీగ్రాముల కాల్షియం, 400 యూనిట్ల విటమిన్ డి ఇచ్చి చూస్తే (2006లో ఫలితాలు వచ్చాయి) కిడ్నీలో రాళ్లు 17 శాతం ఎక్కువయ్యాయి. కాబట్టి ముందు తిండిలో ఎంత వస్తోందో లెక్కేసుకుని, తగ్గినంత వరకే మాత్ర.

తిండి సంగతి మేం అసలు పట్టించుకోలేదు. మాత్ర ఉందిగా అని పాలు మానేసింది, రాత్రిళ్లు ఆకల్లేదని ఏదో కొంచెం తిని పడుకునేది. ఒక గ్లాసు పాలల్లో దాదాపు 300 మిల్లీగ్రాములు ఉంటుంది. పాలకూరలో కాల్షియం బోలెడు అంటారు గానీ అందులో ఉండే ఆక్సలేట్ అనే పదార్థం దాన్ని పట్టి ఉంచేస్తుంది, మనకి అందేది 5 శాతం మాత్రమే. ఇక ప్రోటీన్, దీని గురించి ఒక్కరూ చెప్పరు! ఎముక అంటే సున్నం ముద్ద కాదు కదండీ, దాని ఘనపరిమాణంలో సగం దాకా ప్రోటీనే. ఆస్ట్రేలియాలో 60 వృద్ధాశ్రమాల్లో సగం చోట్ల రెండేళ్లు పాలు, పెరుగు, చీజ్ పెంచి పెట్టారు, వాళ్లకి విటమిన్ డి ముందే సరిపడా ఉంది, తక్కువైంది కాల్షియం, ప్రోటీనే. 2021లో వచ్చిన ఫలితం చూస్తే మామూలు తిండి పెట్టిన చోట్ల కంటే అక్కడ ఎముకలు విరగడం 33 శాతం తక్కువ, తుంటి విరగడం 46 శాతం తక్కువ. నాకు బాగా గుచ్చుకున్నది ఇదే, మందు కాదు, వేళకి పెట్టిన తిండి.

విటమిన్ డి లోపం ఉంటే వేసుకోవాల్సిందే, టెస్ట్ చేయించుకుని. కానీ ఎంత వేస్తే అంత మంచిది అనుకోవద్దు, 70 దాటిన ఆడవాళ్లకి ఏడాదికోసారి 5 లక్షల యూనిట్లు ఒకేసారి ఇచ్చి చూస్తే పడిపోవడం, ఎముకలు విరగడం ఇంకా పెరిగాయి (2010). ఇంకోటి, స్కాన్‌లో ఎముక ఇంతగా పలచబడ్డాక కాల్షియం ఒక్కటే వైద్యం కాదు. అమ్మకి ఇప్పుడు ఎముకల జబ్బుకే వారానికో మాత్ర రాశారు, అది మాత్రం పరగడుపున ఉత్త మంచినీళ్లతోనే వేసుకుని అరగంట పడుకోకుండా ఉండాలి, ఆ టైంలో కాల్షియం దగ్గరికి రాకూడదు. చూశారా, ఒకటి పరగడుపున, ఒకటి తిన్నాక, ఒకటి 4 గంటలు ఆగి... పెద్దవాళ్లకి ఇదంతా ఎవరు విడమరిచి చెప్తారు?

అందుకే నా మనవి, మళ్లీ ఈ జబ్బు గురించి వేసినప్పుడు మాత్రల డబ్బా వెనకవైపు ఫోటో ఒకటి వేసి, ఎలిమెంటల్ కాల్షియం (అంటే అసలు కాల్షియం) అని ఎక్కడ రాసుంటుందో గీత గీసి చూపించండి, పక్కనే ఏ మాత్ర ఏ వేళకి అన్నది కూడా వెయ్యండి. అక్షరాలు పెద్దవిగా ఉండాలి, చదవాల్సింది మా అమ్మ వయసు వాళ్లు.

ఇట్లు
మీ పాఠకురాలు