అమరావతి స్తూపం పిల్లలకు కనబడాలి

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య మా బడి పిల్లల్ని అమరావతి తీసుకెళ్లాను. అమరేశ్వరుడి దర్శనం అయ్యాక మహాచైత్యం, అంటే అక్కడి పాత బౌద్ధ స్తూపం దగ్గరికి వెళ్లాం. గడ్డి కప్పిన గుండ్రటి దిబ్బ, అంచున అక్కడక్కడా నిలబెట్టిన రాతి పలకలు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి "స్తూపం ఎక్కడుంది సార్?" అని అడిగింది. "ఇదేనమ్మా" అన్నాను. ఆ పిల్ల దిబ్బ వైపు ఇంకోసారి చూసి ఊరుకుంది. పాఠంలో అంత గొప్పగా చెప్పి, తీరా తీసుకొచ్చి ఇది చూపించానే అని నాకు చాలా బాధ కలిగింది.

దీపాలదిన్నె అని మనం పిలుచుకునే ఈ దిబ్బను పద్దెనిమిదో శతాబ్దం చివర ఇటుకల కోసం, రాళ్ల కోసం తవ్వుకుపోయారు. 1816లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ శిల్పాలకు బొమ్మలు గీయించాడు. 1845లో మరో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు చేరాయి, వాటిలో చాలా భాగం 1859లో ఓడెక్కి లండన్ వెళ్లింది. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో నూటికి పైగా శిల్పాలున్నాయి, చెన్నై మ్యూజియంలో మరెన్నో ఉన్నాయి. మనకు మిగిలింది ఈ దిబ్బ, పక్కనున్న చిన్న మ్యూజియం.

ఆగ్మెంటెడ్ రియాలిటీ అనే సాంకేతికత ఇక్కడ బాగా పనికొస్తుంది. ఫోన్ గానీ ట్యాబ్ గానీ దిబ్బ వైపు పట్టుకుంటే, తెర మీద అదే చోట సుమారు 50 మీటర్ల వెడల్పున అండం, అంటే స్తూపం గుమ్మటం లేచి నిలబడాలి. చుట్టూ ప్రాకారం, ద్వారాల దగ్గర సింహాలు, నాలుగు దిక్కులా ఐదేసి చొప్పున వరసగా నిలబెట్టిన ఆయక స్తంభాలు కనబడాలి.

ఇదంతా ఊహించి గీయాల్సిన పని కూడా లేదు. స్తూపం ఎలా ఉండేదో మన శిల్పులే చెక్కి పెట్టారు. లండన్‌లో ఉన్న ఒక ఫలకం మీద మొదట బోధివృక్షాన్ని, దాని కింద ఖాళీ ఆసనాన్ని చెక్కారు. ఆ రోజుల్లో బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపేవాళ్లు కాదు. కొన్ని శతాబ్దాల తర్వాత అదే రాయిని తిప్పి, రెండో వైపు ఈ స్తూపాన్నే చెక్కారు. ఒక్క రాతికి రెండు వైపులా రెండు కాలాలు! ఆ రాయి పుట్టిన చోట నిలబడి రెండు వైపులూ తిప్పి చూసుకునే వీలు మన పిల్లలకు ఉండొద్దా? చెన్నైలోని నాలగిరి ఏనుగు శిల్పమూ అంతే. వీధిలో మనుషుల్ని తొక్కుకుంటూ వచ్చే ఏనుగు, అదే చట్రంలో బుద్ధుడి ముందు మోకరిల్లిన ఏనుగు. ఆ కథను తెలుగులో వినిపిస్తూ చూపిస్తే పిల్లలు కదలరు.

2017లో బ్రిటిష్ మ్యూజియం అమరావతి మీద ఒక డిజిటల్ ప్రదర్శన పెట్టింది. చూడటానికి వచ్చినవాళ్లు తమ ఫోన్లతోనే ఆ రెండు వైపుల ఫలకంలోని బొమ్మల గురించి తెలుసుకున్నారు. లండన్ వాళ్లకు అందింది అమరావతి వాళ్లకు అందకపోవడం అన్యాయం.

పురావస్తు శాఖ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి లండన్, చెన్నై మ్యూజియాలను శిల్పాల త్రీడీ స్కాన్లు అడగాలి. సిగ్నల్ లేకపోయినా యాప్ పనిచేయాలి. మా పిల్లల్లో చాలామందికి ఫోన్ ఉండదు కాబట్టి టికెట్ కౌంటర్ దగ్గరే ట్యాబులు ఇవ్వాలి. ఏది ఆధారంతో గీసిందో, ఏది ఊహో రంగు తేడాతో చూపాలి, లేకపోతే పిల్లలు అన్నీ నిజమే అనుకుంటారు. ప్రతి శిల్పం ఇప్పుడు ఏ ఊళ్లో ఉందో కూడా తెర మీద రాయాలి. ఇది వస్తే అసలు రాళ్లను తిరిగి అడగడం మానేయాలని మాత్రం నేను అనడం లేదు. ఆ అడగడం ఆగకూడదు.

తెలుగు వ్యాఖ్యానాన్ని ఇంగ్లీషు నుంచి అనువాదం చేయించొద్దని నా మనవి. పల్నాడు, గుంటూరు జిల్లాల ఉపాధ్యాయులతో రాయించండి. డబ్బు తీసుకోకుండా రాయడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక సోషల్ ఉపాధ్యాయుడు,
సత్తెనపల్లి