వంకకి దారి లేకుండా ఊరు కడితే తిరుపతి మునగక ఏమవుతుంది

ఎడిటర్ గారికి నమస్కారం.

గట్టిగా వాన పడితే చాలు, కాలవల్లో పూడిక తీయలేదని తిరుపతిలో అందరం కార్పొరేషన్ని తిడతాం. అది తప్పని కాదు గానీ అసలు సంగతి అంతకన్నా పెద్దది, ఊరు కట్టుకున్న తీరులోనే ఉంది, అందుకే రాస్తా ఉన్నా.

మనకి ఉత్తరాన శేషాచలం కొండలు, దక్షిణాన స్వర్ణముఖి ఏరు. కొండ మీద పడిన వాన వంకల్లో, అంటే వాగుల్లో, కపిలతీర్థం వైపు, మాల్వాడి గుండం వైపు దిగి ఊరి మధ్యలోనుంచే ఏటికి పోవాల, ఇంకో దారి లేదు. పాతకాలం వాళ్ళకి ఇది బాగా తెలుసు, అందుకే పల్లంలో చెరువులు, కుంటలు పెట్టుకున్నారు, ఒకటి నిండితే ఎక్కువైన నీళ్ళు మొరవ పారి కింద చెరువుకి పోయేవి. విజయనగర రాజుల కాలంలో భక్తులు స్వామికి ఇచ్చిన డబ్బుతో దేవస్థానం ఊర్లలో చెరువులు, కాలవలు తవ్వించినట్టు తిరుమల శాసనాలే చెప్తాయి, ఆ మడుల్లో పండిన పంటతోనే నైవేద్యాలు జరిగేవి. చెరువుతో పని ఉంది కాబట్టి దాన్ని కాపాడుకున్నారు.

1977లో కళ్యాణి డ్యాం వచ్చింది, ఆ తర్వాత తెలుగుగంగ, శ్రీశైలం నుంచి కృష్ణ నీళ్ళు వెలుగోడు, సోమశిల, కండలేరు దాటుకోని మన కొళాయి దాకా వస్తా ఉండాయి. మంచిదే, ఇంతమంది జనానికి, రోజూ దిగే యాత్రికులకి తాగను నీళ్ళు కావాల కదా. కానీ నీళ్ళు దూరం నుంచి పైపులో రావడంతో ఇంటి పక్క చెరువుతో ఎవరికీ పని లేకుండా పోయింది, పని లేనిది కాస్తా ఖాళీ స్థలం లెక్కలోకి వచ్చేసింది. తుమ్మలగుంట చెరువు ఆటల గ్రౌండ్ అయింది, అవిలాల చెరువులో పార్కు పనులు పెట్టారు, చిన్న చిన్న కుంటలైతే ఇప్పుడు ఎక్కడున్నాయో చూపించేవాళ్ళే లేరు. వాన నీళ్ళు నిలిచి భూమిలోకి ఇంకే చోటు పోయింది కాబట్టి ఎండాకాలం బోర్లు ఎండిపోతా ఉండాయి, దాంతో పైపు నీళ్ళ మీద ఇంకా ఎక్కువ ఆధారపడతా ఉన్నాం.

2021 నవంబర్‌లో ఏమైందో అందరం చూసినాం. కపిలతీర్థం నుంచి వచ్చిన వరద రోడ్లనే వంక చేసుకుంది, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింద పల్లెలు ఖాళీ చేయించారు. శ్రీకృష్ణనగర్‌లో ఒక ఇంట్లో సంపు క్లీన్ చేస్తా ఉంటే, భూమిలో పాతిన సిమెంటు రింగులు అట్లే పైకి లేచి నిలబడినాయి! అందరూ వింత అన్నారు గానీ వింత ఏముంది, చుట్టూ నేల నీళ్ళతో నానిపోయి ఉంది, లోపల సంపు ఖాళీ అయింది, నీళ్ళే దాన్ని పైకి తోసేసినాయి. దానికి ముందు నెలే వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్ బ్రిడ్జిలో కారు మునిగి కొత్తగా పెళ్ళైన అమ్మాయి చనిపోయింది. రైలు పట్టాలు కొండకీ ఏటికీ మధ్యలో అడ్డంగా పోతాయి, పైనుంచి వచ్చే నీళ్ళకి ఆ కింద సందులు తప్ప దిక్కు లేదు, మనమేమో అదే సందుల్లో రోడ్లు వేసుకున్నాం.

మా వీధిలో జరిగేది చూడండి. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త సిమెంటు రోడ్డు వేస్తారు, అది చూసి కొత్త ఇల్లు కట్టేవాళ్ళు బేస్‌మెంట్ ఇంకో రెండు అడుగులు లేపుతారు, ఎప్పుడో కట్టుకున్న ముసలోళ్ళ ఇంట్లోకి నీళ్ళు పోతాయి. వాళ్ళు గడప దగ్గర ఇటుకలు పేర్చుకోని రాత్రంతా బకెట్లతో ఎత్తి పోస్తా ఉంటే చూడలేకపోతా ఉన్నాం. ఎవరి ఇల్లు వాళ్ళు కాపాడుకోవాలని చూడడంలో తప్పు లేదు, కానీ వీధి మొత్తానికి నీళ్ళు ఎటు పోవాలని అడిగేవాళ్ళు ఒక్కరు లేరు.

అధికారులని అడిగేది ఇంతే. రెవెన్యూ పాత మ్యాపుల్లో వంకలు, చెరువులు, కాలవలు గీతలతో సహా ఉంటాయి, వాటిని ఇప్పటి లేఔట్ల మీద పెట్టి ఒక మ్యాపు చేసి ప్రతి వార్డు సచివాలయంలో గోడకి తగిలించండి. ప్లాటు కొనేవాడు కొనకముందే చూసుకుంటాడు. వంక మీద పడే లేఔట్లకి అప్రూవల్ ఇవ్వొద్దు. కొత్త రోడ్డు వేసే ముందు పాతది తవ్వించండి. మిగిలున్న పేరూరు చెరువు లాంటి వాటికన్నా హద్దు రాళ్ళు పాతి, నీళ్ళు వచ్చే కాలవలు తెరవండి. మనకి పెద్ద వానలు అక్టోబర్, నవంబర్‌లోనే, మ్యాపులు అంతకుముందే గోడల మీద ఉండాల.

ఇట్లు,
ఒక పాఠకుడు, తిరుపతి