సాక్సోఫోన్ కొనేముందు పిల్లలకి ఏం వినిపించాలి: పాలకొల్లు నుంచి మా షాపు కబురు

కస్టమర్లందరికీ నమస్కారమండి. వేసవి సెలవులు దగ్గరపడుతున్నాయంటే చాలు, షాపు ఫోనుకి ఒకే రకం మెసేజీలు మొదలవుతాయి. "మా బాబు సాక్సోఫోన్ నేర్చుకుంటానంటున్నాడండి, ఏది కొనమంటారు? హుషారు పుట్టాలంటే యూట్యూబ్‌లో ఏం పెట్టమంటారు?" అని. ముందు రెండో ప్రశ్నకే జవాబు చెప్తాను. పిల్లాడు ఏం వింటున్నాడో తెలిస్తేనే ఏది కొనాలో, అసలు ఇప్పుడే కొనాలో వద్దో తేలుతుంది. ఈ నెల నుంచి షాపులో పెట్టిన కొత్త పద్ధతికి (కింద చెప్తాను) కారణం కూడా అదే.

మొట్టమొదట కద్రి గోపాల్‌నాథ్ గారిని వినిపించండి. మంగళూరు వైపు ఆయన. తండ్రి నాదస్వర విద్వాంసుడు. మైసూరు ప్యాలెస్ బ్యాండులో సాక్సోఫోన్ చూసి మనసు పారేసుకున్నారు. అడాల్ఫ్ సాక్స్ అనే బెల్జియం ఆయన 1846లో పారిస్‌లో పేటెంట్ తీసుకున్న వాయిద్యం ఇది, మిలటరీ బ్యాండుల్లో పెరిగింది. దీని మీద గమకం (స్వరాన్ని ఊపడం, జార్చడం) పలికించడం ఎంత కష్టమో చేతిలోకి తీసుకుంటే గానీ తెలియదు. వేణువు మీదైతే వేలు కాస్త జరిపి స్వరాన్ని జార్చొచ్చు. ఇక్కడ వేలికీ రంధ్రానికీ మధ్య మీట ఉంది, మీట చివర రంధ్రాన్ని మూసే మెత్తటి ప్యాడ్ ఉంది. వేలు రంధ్రాన్ని తాకనే తాకదు. కద్రి గారు అదంతా పెదవితోనూ ఊపిరితోనూ సాధించారు. 1994లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో, బీబీసీ వాళ్ల సంగీతోత్సవం ప్రామ్స్‌లో కర్ణాటక సంగీతం వాయించారు. 2004లో పద్మశ్రీ వచ్చింది. 2019లో కన్నుమూశారు. పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ గారి 'రఘువంశ సుధాంబుధి' ఆయన వాయించింది వెతికి పెట్టండి. కదనకుతూహల రాగం. మా షాపులో అది పెడితే, తబలా కొనడానికి వచ్చిన పిల్లలు కూడా కౌంటర్ దగ్గరికి వచ్చేస్తారు.

మన ఊరివాళ్లకి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. ఎక్కడిదో మాండలిన్‌ని కచేరీ వాయిద్యం చేసిన ఉప్పలపు శ్రీనివాస్ గారు 1969లో ఇక్కడే, పాలకొల్లులోనే పుట్టారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, విన్నది విన్నట్టు కుర్రాడు తీగల మీద పలికించేవాడు. సాక్సోఫోన్‌కీ అంతకంటే మంచి దారి నాకు తెలియదు. విన్న పాటని పిల్లలు ముందు నోటితో పాడాలి. గొంతు బాగుండక్కర్లేదు, ఎక్కడ ఎక్కాలో ఎక్కడ దిగాలో తెలిస్తే చాలు. నోట్లో లేని పాట మీట నొక్కితే రాదండి.

ఇక అమెరికా వాళ్ల సంగీతం. కెన్నీ జీ అనే సాక్సోఫోన్ వాద్యకారుడి 'సాంగ్‌బర్డ్' (1986) వినని పిల్లలు తక్కువ. అది వినేసి "తిన్నగా ఉండేదే కావాలి" అని పట్టుబడతారు. అది సొప్రానో, సన్నటి గొంతున్న రకం. పెదవి రవ్వంత అటూ ఇటూ అయినా శ్రుతి తప్పిపోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి నేను అమ్మను, ఎంత అడిగినా అమ్మను. వంపు తిరిగిన, దానికంటే పెద్దదైన ఆల్టోతోనే మొదలుపెట్టాలి. కద్రి గారిదీ ఆల్టోనే.

ఆల్టో అందం వినాలంటే డేవ్ బ్రూబెక్ జాజ్ బృందం 1959లో రికార్డు చేసిన 'టేక్ ఫైవ్' పెట్టండి. కట్టింది, వాయించింది ఆల్టో వాద్యకారుడు పాల్ డెస్మండ్. తాళం ఒక చుట్టు తిరిగితే ఐదు దెబ్బలు. తకిట తక, తకిట తక అని మీరు తొడ మీద వేస్తూ పక్కన కూర్చోండి. మృదంగం నేర్చుకునే పిల్లలకి అది చిటికెలో పట్టుబడుతుంది. డెస్మండ్ ఎక్కడా గట్టిగా ఊదడు, ఊపిరిని పొదుపుగా వాడతాడు. మొదటి ఏడాది పిల్లలకి కావలసింది సరిగ్గా అదే. సాక్సోఫోన్ మీద జాన్ కోల్ట్రేన్ మహానుభావుడు, కానీ ఆయన వేగం చూసి పిల్లలు బెదిరిపోతారు. ఆయన్ని రెండేళ్ల తరవాత వినిపించండి.

"అపార్ట్‌మెంటులో ఊదితే పక్కవాళ్లు గొడవ చేస్తారండీ" అనే తల్లులకి సన్నీ రోలిన్స్ అనే సాక్సోఫోన్ వాద్యకారుడి గురించి చెప్తాను. అప్పటికే గొప్ప పేరున్న మనిషి, ఇరుగుపొరుగుకి ఇబ్బందని 1959 నుంచి 1961 దాకా న్యూయార్క్ విలియమ్స్‌బర్గ్ బ్రిడ్జి మీద నిలబడి సాధన చేశాడు. మనకి బ్రిడ్జి ఎందుకు, కావలసినన్ని కాలవగట్లున్నాయి. సాయంత్రం పెద్దవాళ్లు తోడు వెళ్లండి. బయట ఊదితే గోడలు శబ్దాన్ని తిప్పికొట్టవు, పిల్లలకి తమ అసలు నాదం తెలుస్తుంది.

ఇప్పుడు షాపు సంగతి. మరీ చవక రకం సాక్సోఫోన్లు ఇకనుంచి తెప్పించడం లేదు. లాభం పోతుందని తెలిసే ఆపేశాను. చీకట్లో గొట్టం లోపలికి చిన్న ఎల్‌ఈడీ లైటు దింపి అన్ని మీటలూ మూస్తే, అలాంటివాటిలో ప్యాడ్ల కింద నుంచి సన్నగా వెలుగు కారుతూ కనబడుతుంది. వెలుగు కారిన చోట గాలీ కారుతుంది. పాపం పిల్లాడు తనకే చేతకావడం లేదనుకుని మానేస్తాడు. మీ ఇంట్లో ఉన్నది పట్టుకొచ్చినా ఈ పరీక్ష ఊరికే చేసిపెడతాను, ఎక్కడ కొన్నారని అడగను.

కొనే బదులు ముందు అద్దెకి తీసుకోండి. ఆల్టో నెలకి 1,200 రూపాయలు, డిపాజిట్ వేరు. మౌత్‌పీసు శుభ్రం చేసి ఇస్తాం. రీడు (మౌత్‌పీసుకి బిగించే పలచటి బద్ద) మాత్రం ఎవరిది వాళ్లే కొనుక్కోవాలి, నోట్లో పెట్టుకునేది కదా. రీడు గట్టిదనం నంబరు ఒకటిన్నర లేదా రెండు చాలు. ఇచ్చేముందు మౌత్‌పీసు, మెడ గొట్టం మాత్రమే బిగించి పిల్లల చేత ఊదిస్తాను. మొదట బాతు అరిచినట్టే వస్తుంది. పెదవి కుదురుకున్నాక కీబోర్డు మీద ఐదున్నర శ్రుతికి, అంటే 'జీ'కీ 'ఏ'కీ మధ్య నల్ల మెట్టుకి, దగ్గరగా వచ్చి నిలుస్తుంది. అది నిలబడిన రోజే మిగతా గొట్టం తగిలిస్తాను. ఇంకో ముక్క: ఆల్టోలో 'సీ' అని రాసింది ఊదితే పలికేది రెండున్నర శ్రుతి, అంటే 'డీ'కీ 'ఈ'కీ మధ్య నల్ల మెట్టు. కీబోర్డు పక్కన పెట్టుకుని కలవడం లేదని కంగారు పడకండి.

వానాకాలంలో జాగ్రత్త. మన గాలిలో తడి ఎక్కువ. ఊదిన తరవాత గుడ్డ లాగి లోపల తుడవకుండా పెట్టె మూసేస్తే ప్యాడ్లు ఉబ్బుతాయి, రీడుకి బూజు పడుతుంది.

రిపేర్ల విషయం ఉన్నదున్నట్టు చెప్తాను. ముహూర్తాల రోజుల్లో బ్యాండు మేళం వాళ్ల వాయిద్యాలే ముందు చేస్తాను. వాళ్లకి అది ఆ రోజు కూడు. పిల్లల వాయిద్యాలు వారం, పది రోజులు ఆగాల్సి వస్తుంది. మూఢంలో ఇస్తే త్వరగా అయిపోతాయి.

ఆ మేళం వాళ్లలోనే సాక్సోఫోన్ మీద ఎంతో అనుభవమున్న ఒక పెద్దాయన ఆదివారం సాయంత్రం ఐదింటికి మా షాపుకొచ్చి వాయించడానికి ఒప్పుకున్నారు. ఫోనులో ఎంత విన్నా, ఎదురుగా మనిషి బుగ్గలు, పెదవులు, ఊపిరి తీసే తీరు చూడటం వేరు. టికెట్టు లేదు, ఏదీ కొనక్కర్లేదు. ఆయనకి మాత్రం పిల్లల చేత తాంబూలంలో తోచినంత ఇప్పించండి. కుర్చీలు తక్కువ, చాపలు వేస్తాం. అద్దెకి ఇప్పుడు ఆల్టోలే ఉన్నాయి, టెనార్ (ఆల్టో కంటే పెద్ద రకం) కావలసినవాళ్లు పేరు రాయించి వెళ్లండి.